హెల్కా కొన్న వెల్డింగ్ మెషీను

మా వరుస ఇళ్లకి మధ్య గోడలు పల్చన. నాలుగో నంబరు ఇంట్లో హెల్కా కర్ప్పనెన్ ఒకచోట కుదురుగా కూర్చోదన్న సంగతి అయిదో నంబరులో ఉండే నాకు పదకొండేళ్లుగా తెలుసు. కాఫీ కప్పు పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉంటుంది. టీవీలో వార్తలు కూడా నిలబడే చూస్తుంది. మా ఆవిడ ఉన్న రోజుల్లో "ఆ పిల్లకి కుర్చీలంటే పడదు" అనేది.

పిల్ల అంటే యాభై మూడేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఇక్కడి బూట్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పైతోలు కుట్టింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరూ ఉసూరుమంటుంటే ఈవిడ మాత్రం రెండేళ్లు చదివి, పాదాల సంరక్షణ నేర్చుకుని వచ్చింది. ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి గోళ్లు తీస్తుంది, ఆనెలు చెక్కుతుంది, చక్కెర జబ్బు ఉన్నవాళ్ల వేళ్ల మధ్య పుండ్లు పడకుండా కనిపెట్టి చూస్తుంది. "మేం కుట్టిన బూట్లు పాడుచేసిన కాళ్లే, నేను బాగుచెయ్యకపోతే ఎవరు చేస్తారు?" అని తనే నవ్వుతుంది. చుట్టుపక్కల అరవై కిలోమీటర్ల మేర పల్లెల్లో ఆమెకి నలభై జతల కాళ్లున్నాయి. ఆ నలభై జతల్నీ చూడడానికి ఒక్కటే బండి, ఇరవై ఒక్కేళ్ల స్టేషన్ వ్యాగన్.

ఇక నా సంగతి. నా పేరు రెయ్నో, డెబ్భై నాలుగేళ్లు. ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో రేకుల పని చేశాను. రోడ్ల మీద చల్లే ఉప్పు తినేసిన బస్సులకి తుప్పు కోసేసి కొత్త రేకు అతకడమే నా బతుకంతా. ఈ సంగతి హెల్కాకి తెలుసు. తెలిసీ అడగలేదు. నేనూ చెప్పలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఉత్తరాన మంచు అడవుల మధ్య ఉండే మా కైనూ ప్రాంతంలో అంతకంటే ఒక మెట్టు కిందకి దిగి ఆలోచిస్తాం. అడిగితే అవతలివాడు కాదనలేడు, కాబట్టి అడగడమంటే వాడి మెడ మీద కత్తి పెట్టడమే. అడక్కుండా సలహా చెప్పడమంటే వాడి తలుపు తోసుకుని బూట్లతో లోపలికి వెళ్లడమే. ఇలా ఒకళ్లనొకళ్లు గౌరవించుకుంటూ చచ్చేదాకా బతుకుతాం.

జనవరి ఇరవై రెండున బండి తనిఖీలో తప్పింది. సాయంత్రం నేను గుమ్మం ముందు మంచు తోస్తుంటే హెల్కా వచ్చి నిలబడింది. నిలబడలేదు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ ఉంది.

"తలుపుల కింద గుమ్మంలా పొడుగ్గా ఉంటుందే ఇనప పెట్టె, దాంట్లోకి స్క్రూడ్రైవరు దించాడయ్యా ఆ తనిఖీ అబ్బాయి. పిడి దాకా దిగిపోయింది."

"ఎంత కన్నం?"

"పిడికిలి పడుతుంది."

"ఎవరి పిడికిలి?"

"నాదే. నీ పిడికిలికైతే రెండు కన్నాలు కావాలి. వెనక చక్రం దగ్గర ఇంకోటి ఉందిట. నెలలోపు బాగుచేసి చూపించాలిట. ఈలోపు బండి రోడ్డెక్కకూడదుట."

"రిపేరు షెడ్డులో అడిగావా?"

"అడిగా. వాడు చెప్పిన డబ్బుకి ఇలాంటి బండ్లు రెండొస్తాయి. నేనే అతుక్కుంటాను రెయ్నో. ఓ చిన్న వెల్డింగ్ మెషీను కొనుక్కుంటా. తోలైతేనేం రేకైతేనేం, కుట్టు కుట్టేగా?"

నా నోట్లో వంద మాటలున్నాయి. ఒక్కటి చాలు, అయిదు నిమిషాల్లో సరైన దారి పట్టేది. నేను "ఊఁ" అన్నాను. ఆమె ఆ "ఊఁ" కోసమే వచ్చినట్టు తల ఊపి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి గోడ అవతల నడక మరీ ఎక్కువైంది. కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. దగ్గరి ఇళ్లకి మంచు మీద జారే స్లెడ్జి మీద వెళ్లేది. ముందు కుర్చీ, కింద రెండు పట్టాలు, వెనక నిలబడి కాలితో తన్నుకుంటూ పోయేది. కుర్చీలో తన పనిముట్ల పెట్టె. ఊళ్లో కాళ్లకి ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందంతా హెపోవారా పల్లెలో ఉన్న లెంపి తొలోనెన్ కాళ్లతో.

లెంపికి ఎనభై ఎనిమిదేళ్లు. నలభై ఆరు కిలోమీటర్ల దూరం, ఆ వైపు బస్సు లేదు. చక్కెర జబ్బు. ఎడమకాలి చిటికెన వేలి పక్కన ఒక పుండు, మానినట్టే మాని మళ్లీ విచ్చుకునే రకం. మూడు వారాలకోసారి చూడకపోతే వేలు పోతుందని హెల్కా భయం. మందుల పెట్టె నింపడానికి నర్సు వస్తుంది కానీ లెంపి ఆమె ముందు మేజోడు విప్పదు. ఆమె కాళ్లు చూడాల్సింది హెల్కా ఒక్కతే, అంతే. ఎందుకని అడిగితే "నా కాళ్లు, నా ఇష్టం" అంటుంది. ఆ మూడు వారాల గడువు జనవరి ఆఖరుకి అయిపోతుంది.

గోడలోంచి ఫోను మాటలు వినపడేవి.

"లెంపీ, వేలు ఎలా ఉంది? ... బాగుంది అనకు, రంగు చెప్పు. ... మేజోడు విప్పి చూడవే తల్లీ. ... సరే సరే, శుక్రవారానికల్లా బండి అయిపోతుంది. వచ్చేస్తా."

శుక్రవారం వచ్చేది, మంగళవారం అనేది. మంగళవారం వచ్చేది, మళ్లీ శుక్రవారం. టాక్సీకి పోనూ రానూ అయ్యే డబ్బుకి మెషీనులో సగం వస్తుంది. బండి రేపే అయిపోతుందనుకునే మనిషి ఇవాళ టాక్సీ ఎక్కదు.

మెషీను కొనడానికి ముందు హెల్కా వారం రోజులు చదివింది. చదివినకొద్దీ మతి పోయింది. ఒకడు రాడ్డు మెషీను చాలంటాడు. ఇంకొకడు గ్యాసు అక్కర్లేని తీగ మెషీను అంటాడు. మూడోవాడు గ్యాసు లేకుండా రేకు ముట్టుకున్నవాడు మూర్ఖుడంటాడు. చివరికి ఊరి చివర చవక దుకాణంలో తగ్గింపు పెట్టిన రాడ్డు మెషీను కొనేసింది. దుకాణం వాడు ఏమన్నాడో తర్వాత ఆవిడే చెప్పింది.

"రెండొందల ఆంపియర్లు మేడమ్! ట్రాక్టరు కూడా అతుకుతుంది."

"నాకు ట్రాక్టరు లేదు."

"రేపు కొంటే?"

ఈ ఒక్క మాటకి ఆవిడ పడిపోయింది. పెద్ద నంబరు చూస్తే పడిపోని మనిషి ఉండడు లెండి.

మా బండ్లు నిలిపే షెడ్డులో ఒక్కో బండికి ఒక్కో హీటరు స్తంభం ఉంటుంది. రాత్రి చలికి బిగుసుకుపోయిన ఇంజన్లని పొద్దున్నే రెండు గంటలు వెచ్చబెట్టే కరెంటు స్తంభం, దానికో గడియారం. ఒక ఆదివారం మధ్యాహ్నం హెల్కా తన రెండొందల ఆంపియర్ల మెషీనుని ఆ స్తంభానికి తగిలించింది. మా ఊళ్లో తప్ప ఎవరికీ రాని ఆలోచన ఇది. మాకు బండి పక్కన కరెంటు అంటే ఆ స్తంభమే మరి. కిటికీలోంచి చూస్తున్నాను. ఒక నీలం మెరుపు, ఇంకో మెరుపు, తర్వాత ఏమీ లేదు. ఆవిడ వంగి చూసింది. పూడ్చబోయిన కన్నం రెండింతలైంది. ఒక మిల్లీమీటరు లేని రేకు మీద అంత మందం రాడ్డు పెడితే వెన్నలో కాల్చిన గరిటె దింపినట్టే.

తన స్తంభం ఒక్కటే పోయిందనుకుంది. పోయింది వరుస మొత్తానికి ఉన్న పాత పింగాణీ ఫ్యూజు. మర్నాడు పొద్దున సున్నాకి ముప్పై ఒక్క డిగ్రీలు కింద. ఆరు బండ్లు, ఆరు స్తంభాలు, ఒక్క దానికీ వేడి లేదు. జనం వచ్చారు, తాళం తిప్పారు, బండ్లు మూలిగాయి. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. కాలర్లు పైకెత్తుకుని నడిచి వెళ్లిపోయారు.

తిట్టింది నేనే. మాకు ముఖం మీద తిట్టే అలవాటు లేదు. బట్టలుతికే గది పక్కన నోటీసు బోర్డుంటుంది. దాని మీద పెద్ద అక్షరాలతో రాసి గుచ్చాను: "హీటరు స్తంభాలు బండ్లు వేడిచేసుకోడానికి. ఫ్యాక్టరీ నడుపుకోడానికి కాదు. ఎవరి పనో వాళ్లకి తెలుసు." కింద పేరు పెట్టలేదు, పెట్టకపోవడమే పద్ధతి. సాయంత్రానికి దాని కిందే గుండ్రటి అక్షరాలతో ఇంకో వరస వచ్చింది: "నేనే. హెల్కా, నాలుగో నంబరు. కొత్త ఫ్యూజు వేయించాను. క్షమించండి." బోర్డు మీద ఎవరైనా పేరు రాయడం నలభై ఏళ్లలో అదే మొదలు. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది.

ఆ మర్నాడు హెల్కా తలుపు కొట్టింది. చేతిలో యాలకుల బన్నుల సంచి.

"రెయ్నో, ఈ వారం నువ్వు ఆ వైపు ఎటైనా వెళ్తున్నావా?"

"ఏ వైపు?"

"హెపోవారా వైపు. లెంపి వేలు ... ఫోన్లో గొంతు బాలేదు. నువ్వు ఎలాగూ వెళ్తుంటేనే. లేకపోతే లేదు."

"నా బండా?" అన్నాను. "అది స్టార్టు కావట్లేదు. ఎవరి పుణ్యమో నీకు తెలుసుగా."

ఆమె నా ముఖంలోకి చూసింది, చూడాల్సినదానికంటే కొంచెం ఎక్కువసేపు. "సరే" అంది. బన్నుల సంచి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

అబద్ధం చెప్పాను. నా బండికి ఏమీ కాలేదు. ఫ్యూజు వేశాక ఒక్క తిప్పుకే లేచింది. శరదృతువులోనే తనిఖీ అయింది, చక్రాలు కొత్తవి. లేనిది నా లైసెన్సు. నవంబరులో కళ్ల డాక్టరు నా కుడికంటి మసక చూసి లైసెన్సు పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టనంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే లేచి బండి వెచ్చబెడతాను, అద్దం మీద మంచు గీకుతాను, ఇంజను పది నిమిషాలు నడిపిస్తాను, ఆపి లోపలికి వస్తాను. చూసేవాళ్లు చూడాలి కదా, రెయ్నో ఇంకా బండి నడుపుతున్నాడని. డెబ్భై నాలుగేళ్లవాడు చేసే పనేనా అంటే కాదు. కానీ చేశాను.

ఆ సాయంత్రం బన్నుల సంచి విప్పకుండానే పక్కన పెట్టాను. గోడ అవతల ఆమె నడుస్తోంది, ఇవతల నేను నడుస్తున్నాను. తెల్లారాక, మా ఆవిడ పోయిన ఈ మూడేళ్లలో మొదటిసారి, నేనే వెళ్లి ఆమె తలుపు కొట్టాను. లైసెన్సు సంగతి చెబుదామనే వెళ్లాను. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"ఆ మెషీను తిరిగిచ్చెయ్."

హెల్కా వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. ఒక్కసారిగా ఆమె ముఖం వికసించింది. కుర్చీ లాగింది, నాకు. తను నిలబడే ఉంది.

"ఇచ్చేశా నిన్ననే. సగం డబ్బులే ఇచ్చాడు దొంగపీనుగ. ఇప్పుడు దీన్ని చూస్తున్నా, నూట అరవై ఆంపియర్లు. గ్యాసు అక్కర్లేదుట, తీగలోనే మందు ఉంటుందిట. చవక."

"ఎంతకి దిగుతుంది?"

"అదే చెప్తున్నా, తగ్గింపులో ..."

"ధర కాదే. కరెంటు. కింద నంబరు చూడు. అందరూ పై నంబరు చూసి కొంటారు. నువ్వు అతికేది ట్రాక్టరు కాదు, బండి రేకు. దానికి పైన ఎంతున్నా ఒకటే. ముప్పై ఆంపియర్లకి దిగాలి, దిగి అక్కడ నిలకడగా మండాలి. అది చెప్పు."

కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. "యాభై."

"పారెయ్."

"ఇది?"

"దాంట్లో తీగ ఎంత మందం? సున్నా పాయింటు తొమ్మిది మిల్లీమీటర్లా? పారెయ్. సున్నా పాయింటు ఆరు తీగ పట్టాలి."

"అబ్బో! ఇన్నాళ్లూ ఆ గోడ అవతల ఇదంతా దాచుకుని కూర్చున్నావా నువ్వు?"

"నువ్వు అడిగావా?"

"నువ్వు చెప్పావా?"

అప్పుడే లైసెన్సు సంగతి చెప్పి ఉండాల్సింది. నేను కళ్లజోడు తుడుచుకుని గ్యాసు గురించి చెప్పడం మొదలుపెట్టాను. గ్యాసు లేని తీగ ఎక్కువ వేడి పుట్టిస్తుంది, రవ్వలు చిమ్ముతుంది. చెయ్యి తిరిగినవాడు దానితోనూ పని లాగిస్తాడు, కొత్తవాడు కన్నాలు పెడతాడు. చిన్న సిలిండరుతో నడిచే మెషీను కొను, పాతదైనా సరే. మూడు ఫేజుల ప్లగ్గున్నది ఎవడైనా ఊరికే ఇస్తానన్నా తెచ్చుకోకు, నీ ఇంట్లో దానికి సాకెట్టు లేదు. మెషీనులో డబ్బు మిగుల్చుకో కానీ ముఖానికి పెట్టుకునే దాంట్లో మిగుల్చుకోకు. కళ్లు పోతే మళ్లీ రావు అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే వింతగా ఉంది.

"సరే గురువుగారూ" అంది హెల్కా. "ఇంకో కాఫీ?"

పాత మెషీను దొరకడానికి అయిదు రోజులు పట్టింది. రెండు బస్సులు మారి, పక్క ఊళ్లో ఒక పడవల మేస్త్రి దగ్గర కొన్నది. అతను ముందు మూడు ఫేజులదే చూపించాడట, "దీనంత మెషీను మళ్లీ పుట్టదు" అని. "పుట్టకపోతే పోనీ, నాకు చిన్నది చాలు" అందట హెల్కా. బస్టాండు నుంచి ఇంటిదాకా ఆ ఇరవై ఆరు కిలోల మెషీనుని స్లెడ్జి కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, అత్తగారిని చర్చికి తీసుకెళ్తున్నట్టు తన్నుకుంటూ తెచ్చింది. ఎదురుపడ్డవాళ్లు టోపీలు తీసి పలకరించారని చెప్పి పగలబడి నవ్వింది.

నేర్చుకోవడానికి ఇంకో అయిదు రోజులు పట్టింది. పాతసామాన్ల వాడి దగ్గర ఒక బండి తలుపు తెచ్చి, దాన్ని ముక్కలు కోసి, మళ్లీ అతకడం. ఈసారి కరెంటు స్తంభంలోంచి కాదు, తన వంటింటి కిటికీలోంచి లావుపాటి తీగ. నేను పక్కన పెట్టె మీద కూర్చుని అరిచేవాణ్ని.

"పొడుగ్గా లాగకు! రేకు వంకర పోతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క. చల్లారనివ్వు. మళ్లీ మధ్యలో చుక్క."

"తెలుసయ్యా! బూటైనా అంతే. ముందు నాలుగు మూలలా మేకు కొట్టి పట్టించాకే కుట్టేది. ముందే లాగి కుడితే ముక్కు పక్కకి తిరుగుతుంది."

"తెలిస్తే మరెందుకు లాగుతున్నావ్?"

"ఎందుకంటే ఆలస్యమైపోతోంది కాబట్టి!"

నిజమే. ఫిబ్రవరి సగమైంది. లెంపిని చూసి అయిదు వారాలు. హెల్కా ఒక చుక్క పెట్టేది, ముసుగు ఎత్తి ఫోను చూసేది, ఇంకో చుక్క పెట్టేది. ఆమెని చూస్తుంటే నాకూ ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది. "బాగానే ఉందిట" అనేది, "కానీ ఈ మధ్య కిటికీ దగ్గరికి నడవట్లేదుట. బద్ధకమట. లెంపికి బద్ధకమేంటి?" నేను తల వంచుకుని ఇసుక్కాగితంతో రేకు రుద్దేవాణ్ని. పదడుగుల దూరంలో నా బండి, పొద్దున్నే వెచ్చబడి, శుభ్రంగా గీకిన అద్దంతో నిలబడి ఉండేది.

అసలు పని ఫిబ్రవరి పంతొమ్మిదిన. కుళ్లిన చోటల్లా కోసి, మంచి రేకు తగిలేదాకా వెళ్లి, ముక్క కత్తిరించి పెట్టింది. పదో చుక్కకి ఇనప పెట్టె లోపలి నుంచి నల్లటి పొగ, దాని వెనక మంట. ఏటా శీతాకాలం ముందు తుప్పు పట్టకుండా హెల్కా దాంట్లో మైనం కొట్టించేది. శ్రద్ధగా, ఒక్క ఏడూ మానకుండా. ఇరవయ్యేళ్ల మైనం ఒక్కసారి అంటుకుంది. నేను ఆ మాట ముందే చెప్పాలి, మర్చిపోయాను. పక్కనే మంచు పార ఉంది. లేచి పారల కొద్దీ మంచు కన్నంలోకి దూర్చాను. మంట ఆరింది. హెల్కా ముసుగు ఎత్తింది, ముఖమంతా మసి.

"ఇంకేమైనా మర్చిపోయావా రెయ్నో?"

"లేదు" అన్నాను. అది రెండో అబద్ధం.

మైనమంతా గీకి, మళ్లీ మొదలుపెట్టి, సాయంత్రానికి ముగించింది. రెండురోజుల తర్వాత తనిఖీ. నన్నూ రమ్మంది. ఆ అబ్బాయి బండి కిందకి దూరి సుత్తితో కొట్టాడు, స్క్రూడ్రైవరుతో పొడిచాడు, లైటు పెట్టి చూశాడు. హెల్కా అటూ ఇటూ నడుస్తూ గోడకున్న టైర్ల ప్రకటన పదిసార్లు చదివింది.

"ఎవరు అతికారు?"

"నేను."

"అందంగా లేదు." ఇంకోసారి కొట్టాడు. "గట్టిగా ఉంది. సరే."

ఆమె అక్కడే కేక వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. కాగితం లాక్కుని, "ఎక్కు, హెపోవారా వెళ్దాం" అంది. ఎప్పుడూ ఎనభై దాటని మనిషి ఆ రోజు దారంతా నూరు మీద పోనిచ్చింది.

లెంపి తలుపు తియ్యడానికి చాలాసేపు పట్టింది. "వచ్చావా పిల్లా! నీ బండి చచ్చిందనుకున్నా" అంది. నన్ను చూసి, "ఈ ముసలాడెవరు? నాకేం మొగుడు అక్కర్లేదు" అంది. హెల్కా నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని మేజోడు విప్పింది. ఆ గదిలోకి ఒక వాసన వచ్చింది. చిటికెన వేలు నల్లగా ఉంది, సగం పాదం దాకా ఎరుపు పాకింది. హెల్కా కాసేపు ఆ పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఊరికే ఉండిపోయింది. పదకొండేళ్లలో ఆమె కదలకుండా ఉండడం నేను చూసింది అప్పుడే.

ఆసుపత్రికి ఆ బండిలోనే తీసుకెళ్లాం. మర్నాడు వేలు తీసేశారు. పాదం దక్కింది, ఇంకో వారమైతే అదీ దక్కేది కాదని డాక్టరు చెప్పింది. మేం చూడ్డానికి వెళ్తే లెంపి మంచం మీద కూర్చుని జావ తాగుతోంది.

"పోతే పోయింది వెధవ వేలు, దేనికి పనికొచ్చింది గనక! తొమ్మిదే కదా ఇక నువ్వు చూడాల్సింది. రేటు తగ్గిస్తావా?"

"తగ్గిస్తాలే" అంది హెల్కా.

తిరిగి వచ్చేటప్పుడు ఆసుపత్రి ముందు బండిలో కూర్చున్నాం. ఆమె తాళం పెట్టింది, తిప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, కానీ ఇక దాచుకోలేకపోయాను.

"హెల్కా, నా బండి ఆ రోజు బాగానే ఉంది. స్టార్టు అయింది. నాకు లైసెన్సు లేదు, నవంబరు నుంచి. కన్ను."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నీ చక్రాల ముందు మంచు ఒక్కసారైనా నలిగిందా? వరుసలో అందరికీ తెలుసు రెయ్నో."

నేను ఆమె వైపు తిరిగాను.

"తెలిస్తే మరి నన్నెందుకడిగావ్, ఆ వైపు వెళ్తున్నావా అని?"

ఆమె అద్దంలోంచి ఎదురుగా చూస్తోంది. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను.

"బండి ఇవ్వమని సూటిగా అడగడం బాగుండదుగా. అలా అడిగితే, కళ్లు నొప్పిగా ఉన్నాయి, నువ్వే తీసుకెళ్లు అంటావేమో, తాళం ఇస్తావేమో అనుకున్నా."

ఆమె తాళం తిప్పింది, బండి కదిలింది.